మావయ్య అరియర్సు, ట్రింకాస్ పాట

2024లో ఉషా ఉతుప్‌కి పద్మభూషణ్ వచ్చినప్పుడు టీవీలో ఆవిణ్ణి చూపిస్తున్నారు. పట్టుచీర, చేతినిండా గాజులు, నుదుట పెద్ద బొట్టు. ఆ బొట్టు మీద బెంగాలీ ‘క’ ఉంటుంది, కలకత్తా ‘క’. మా అమ్మాయి చూసి, "ఈవిడ కచేరీలు చేస్తారా నాన్నా?" అంది. చేస్తారమ్మా, కాకపోతే మొదలుపెట్టింది సభల్లో కాదు, జనం అన్నాలు తినే హోటళ్లలో అన్నాను. దానికి నమ్మకం కుదరలేదు. కుదరకపోతే పోయింది గానీ, నాకు మాత్రం మా చిన్నమావయ్య గుర్తొచ్చాడు. ఆవిడ పేరు నేను మొదట విన్నది ఆయన నోటే.

మాది ఖరగ్‌పూర్. ఉన్నది బెంగాల్లో, బతికింది తెలుగులో. బెంగాల్ నాగపూర్ రైల్వే కాలం నుంచీ వర్క్‌షాపు పనులకి శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి వచ్చి అక్కడే పాతుకుపోయిన కుటుంబాలు ఎన్నో. తెలుగు బడి ఉండేది. ఏటా మాతాపూజ జరిగేది. గోల్‌బజార్లో కూరగాయల బేరం తెలుగులో మొదలై హిందీలో ముదిరి బెంగాలీలో తెగేది. మా నాన్న వర్క్‌షాపులో ఫిట్టరు. బంధువులెవరైనా వస్తే మేము ముందు చూపించేది మా ప్లాట్‌ఫారం. 1072 మీటర్లు, అప్పట్లో ప్రపంచంలోకెల్లా పొడవైనది. తర్వాత గోరఖ్‌పూరూ, ఆపైన హుబ్బళ్లీ మమ్మల్ని దాటేశాయి. ఆ కడుపుమంట మా ఊరివాళ్లకి ఇంకా చల్లారలేదు.

మా క్వార్టర్లకి రెండు వీధుల అవతల ఆంగ్లో ఇండియన్ల బంగళాలు. డ్రైవర్లు, గార్డులు, వాళ్ల కుటుంబాలు. నాకు ఊహ తెలిసేసరికే చాలామంది ఆస్ట్రేలియా వెళ్లిపోయారు. మిగిలినవాళ్ల ఇళ్లలోంచి ఆదివారాలు అమెరికా గాయకుడు జిమ్ రీవ్స్ గొంతు వినిపించేది. మాట ఒక్కటీ అర్థమయ్యేది కాదు. అర్థం కాకపోయినా కిటికీ దగ్గర సైకిలు నెమ్మది చేసేవాణ్ణి. క్రిస్మస్‌కి ఒక ముసలావిడ మా అమ్మకి కేకు పంపేది, సంక్రాంతికి మా అమ్మ అరిసెలు పంపేది. అంతవరకే రాకపోకలు. వాళ్ల ఇన్‌స్టిట్యూట్‌లో, అంటే రైల్వే క్లబ్బులో, డాన్సులు జరిగే రాత్రుల్లో మా పిల్లల్ని అటువైపు వెళ్లనిచ్చేవారు కాదు.

చిన్నమావయ్య టెక్కలి దగ్గర పల్లెలో పుట్టి, కలకత్తా గార్డెన్ రీచ్‌లో ఆగ్నేయ రైల్వే హెడ్డాఫీసులో గుమాస్తాగా చేరాడు. చేరింది 1968లో. పెళ్లికాని కుర్రాడు, జీతంలో సగం ఊరికి మనియార్డరు, మిగతా సగంతో మెస్సు, గది అద్దె. సాయంత్రాలు చెయ్యడానికేమీ ఉండేది కాదు, నడిచేవాడు. నడవడం ఖర్చు లేని పని. అలా నడుస్తూ పార్క్ స్ట్రీట్ పట్టాడు.

ఆ వీధి గురించి రెండు ముక్కలు చెప్పాలి. ఇప్పుడు దానికి మదర్ థెరెసా సరణి అని పేరు పెట్టారు, ఎవరూ అలా పిలవరు. చౌరంగీ రోడ్డు నుంచి ఏషియాటిక్ సొసైటీ పక్కగా లోపలికి తిరిగితే రెండువైపులా రెస్టారెంట్లు. ఫ్లూరీస్, ట్రింకాస్, మొకాంబో, బ్లూ ఫాక్స్, మూలాఁ రూజ్. 1950లు, 60లలో వీటిలో చాలావాటిల్లో రాత్రి పూట బ్యాండు ఉండేది. మొకాంబోలో పామ్ క్రెయిన్ పాడేవారు. బ్లూ ఫాక్స్‌లో కొన్నాళ్లకి లూయిస్ బ్యాంక్స్ పియానో వాయించారు. ఆయన పేరు చూసి ఇంగ్లీషువాడనుకుంటాం గానీ డార్జిలింగ్‌లో పుట్టిన నేపాలీ. పక్కన సాక్సోఫోన్ ఊదిన బ్రాజ్ గొన్సాల్వెస్ గోవా మనిషి. ఆర్‌.డి. బర్మన్ బ్లూ ఫాక్స్‌లో లూయిస్ బ్యాంక్స్ వాయించడం విని బొంబాయి పిలిపించుకున్నారు. ఇక ట్రింకాస్ స్విట్జర్లాండ్ నుంచి వచ్చిన ట్రింకా అనే ఆయన పెట్టిన టీ దుకాణం. 1959లో పురీ, జాషువా అని ఇద్దరు దాన్ని కొని పాటలు పెట్టించారు.

1969లో అక్కడికి ఉషా అయ్యర్ వచ్చింది. అప్పటికింకా ఉతుప్ కాలేదు. మద్రాసు మౌంట్ రోడ్డులో నైన్ జెమ్స్ అనే చోట పాడి, ఆ తర్వాత కలకత్తా చేరింది. హోటల్లో పాడే ఆడవాళ్లు గౌన్లు వేసుకునే రోజులవి. ఈవిడ కంచిపట్టు చీర కట్టుకుని, పూలు పెట్టుకుని, ఆ మగగొంతులాంటి లావు గొంతుతో ఇంగ్లీషు పాటలు పాడేది. ఊరంతా అదే కబురు. మావయ్య ఆఫీసులో బెంగాలీ గుమాస్తాలు కూడా అదే మాట్లాడుకునేవారట.

మావయ్య లోపలికి వెళ్లలేదు. ఎలా వెళ్తాడు? లోపల ఒక్క పూట భోజనం అంటే ఆయన మెస్సు బిల్లులో ఎంతో భాగం. బయట కాలిబాట మీద నిలబడేవాడు. తలుపు తీసినప్పుడల్లా పాట ఇంత బయటికొచ్చేది, మూసినప్పుడు ఆగిపోయేది. "ఒక్క పాట కూడా మొదటి నుంచి చివరిదాకా వినలేదురా. అన్నీ ముక్కలే" అనేవాడు నాతో. అందులో ఒక ముక్క మాత్రం ఆయన నాలుక మీద ఉండిపోయింది. మాటలు లేవు, ఊరికే తననన తననన. భోజనానికి కూర్చునేటప్పుడు, షర్టు ఇస్త్రీ చేసుకునేటప్పుడు, బావిలో చేద దించేటప్పుడు అదే కూనిరాగం. అత్తయ్య దాన్ని ఏదో బెంగాలీ కీర్తన అనుకునేది.

నాకు డిగ్రీ అయిపోయిన ఏడు, 1985. మావయ్యకి ప్రమోషను తగువు కోర్టులో తేలి అరియర్సు చేతికొచ్చాయి. నన్ను కలకత్తా రమ్మని కబురు పంపాడు, ఏదో పోటీ పరీక్ష ఫారం తెచ్చుకునే నెపం మీద. ఖరగ్‌పూర్ లోకల్ దిగి హౌరాలో పెద్ద గడియారం కింద నిలబడ్డాను. కలకత్తాలో ఎవరు ఎవర్ని కలవాలన్నా అక్కడే కదా. మావయ్య వచ్చాడు. ఇస్త్రీ మడతలు కత్తిలా ఉన్న తెల్లషర్టు, పాలిష్ కొట్టిన బూట్లు. బూట్లు చూసి అనుమానం వచ్చింది. ఆయన ఆఫీసుకి కూడా చెప్పులే.

"ఫారం సంగతి రేపు సూద్దాం. ఈ వేళ మనకో పనుంది. మీ అత్తకి సెప్పకు."

ఎస్ప్లనేడ్ దాకా బస్సు. అక్కడ మెట్రో ఎక్కించాడు, 1984 అక్టోబరులోనే మొదలైంది, దేశంలో మొదటిది. పార్క్ స్ట్రీట్‌కి ఒక్కటే స్టేషను, నడిచినా పావుగంటే. అయినా ఎక్కించాడు. మావయ్యకి ఆ రోజు అన్నీ ఖర్చుపెట్టెయ్యాలని ఉంది.

పైకొచ్చేసరికి జూన్ వాన పడి వెలిసింది. కాలిబాటల మీద దుకాణాలవాళ్ల జనరేటర్లు ఊగిపోతూ పొగ కక్కుతున్నాయి. అప్పట్లో కలకత్తా అంటే లోడ్‌షెడ్డింగే. ఇంట్లో కరెంటు ఉంటే "ఏమైంది, ఉంది?" అని పక్కింటివాళ్లని అడిగే రోజులు. ట్రింకాస్ గుమ్మం దగ్గర మావయ్య ఒక్క క్షణం ఆగాడు. తలుపు దగ్గర మనిషి సలాం కొట్టి తలుపు తీశాడు. మావయ్య తిరిగి సలాం కొట్టాడు, అవసరం లేకపోయినా.

లోపల చలి. ఏసీ చలి, సిగరెట్ వాసన, వెన్న కాగిన వాసన. చివర ఒక చిన్న వేదిక, దానిమీద పియానో, డ్రమ్స్, రెండు గిటార్లు. బేరర్ మమ్మల్ని స్తంభం వెనక బల్ల దగ్గర కూర్చోబెట్టబోయాడు. మావయ్య ఒప్పుకోలేదు. వేదిక కనబడే చోటు కావాలని, ఎప్పుడూ లేనంత మర్యాదగా, వచ్చీరాని ఇంగ్లీషులో అడిగి సాధించాడు. మెనూ తెరిచి కుడివైపు అంకెలే చదివాడు. చివరికి నాకు చికెన్ కీవ్, తనకి చేప. ఫోర్కుతో గుచ్చగానే ఆ చికెన్‌లోంచి వెన్న నా షర్టు మీదకి చిమ్మింది. పక్కబల్ల వాళ్లెవరూ చూడలేదు. అక్కడ ఎవరూ ఎవర్నీ చూడరని అప్పుడే తెలిసింది.

ఎవరూ పాటని కూడా వినడం లేదు.

పాడుతున్నావిడకి నలభై దాటి ఉంటాయి. నల్లగౌను, పొట్టిజుత్తు. ఇలా హోటల్లో పాడేవాళ్లని కలకత్తాలో క్రూనర్ అంటారు. గొంతు కొంచెం గరుకు, కానీ మాటని సాగదీయకుండా పెట్టి వదిలే తీరు బావుంది. మాకు ఎడంవైపు ఒక మార్వాడీ కుటుంబం, ఎవరిదో పుట్టినరోజు. కుడివైపు నలుగురు టైలు కట్టుకున్నవాళ్లు జనపనార ధర గురించి వాదించుకుంటున్నారు. పాట అయిపోతే రెండు మూడు చేతులు చప్పట్లు కొట్టేవి, అవీ తలతిప్పకుండానే. మావయ్య మాత్రం ప్రతి పాటకీ రెండు చేతులూ పైకెత్తి కొట్టేవాడు. నాకు సిగ్గేసింది. ఆయనకి వెయ్యలేదు.

"పెళ్లిలో సన్నాయోడి బతుకురా ఇది" అన్నాడు. "ఆడు ప్రాణం పెట్టి వాయిస్తాడు. మనం బంతి ఎక్కడ పడ్డాదా అని సూత్తాం. గట్టిమేళం అన్నప్పుడే ఆడు గుర్తొస్తాడు."

నాకు ఆ పోలిక బాగా పట్టింది. ఆ తర్వాత నేను తినడం మానేసి వాళ్ల పని చూడటం మొదలుపెట్టాను. నిజంగా పనే. డ్రమ్స్ అతను కర్రలు పక్కన పెట్టి సన్న తీగల బ్రష్షులతో వాయిస్తున్నాడు, భోజనం వేళ చప్పుడు పైకి పోకూడదని. పియానో అతని కళ్లు మీటల మీద లేవు, బల్లల మీద ఉన్నాయి. మార్వాడీ వాళ్ల బల్లకి కేకు వస్తుంటే, నడుస్తున్న పాట మధ్యలోనే, ఎక్కడా అతుకు కనబడకుండా, పుట్టినరోజు పాటలోకి దింపాడు. కేకు కోయడం అయ్యాక మళ్లీ వెనక్కి, వదిలిన చరణంలోకే. క్రూనర్ ఒక్క మాట తడబడలేదు. ఇలాంటి విద్యకి ఏ సభలోనూ శాలువా కప్పరు. కప్పాలని నా అభిప్రాయం.

అప్పుడు కరెంటు పోయింది.

పోవడం అంటే ఒక్కసారిగా. దీపాలు, ఏసీ, మైకు, గిటార్ల పెట్టెలు, అన్నీ. బయట ఎవరో జనరేటరు తాడు లాగుతున్నారు, అది దగ్గి ఆగిపోతోంది. చీకట్లో ఫోర్కుల చప్పుడు ఆగింది. జనపనార వాదన ఆగింది. డ్రమ్స్ అతని బ్రష్షులు మాత్రం ఆగలేదు. పియానోకి కరెంటుతో పనిలేదు. ఆవిడ మైకు పక్కన పెట్టేసి రెండడుగులు ముందుకొచ్చి, వట్టి గొంతుతో, అదే పాట కొనసాగించింది. మైకులో వినిపించని సంగతులు అప్పుడు వినిపించాయి. ఊపిరి తీసుకోవడం, చివరి అక్షరం మీద గొంతు కొంచెం జారడం, మళ్లీ పట్టుకోవడం. బేరర్లు కొవ్వొత్తులు తెచ్చి బల్లలమీద పెడుతున్నారు, వాళ్లూ కాళ్లు చప్పుడు కాకుండా నడుస్తున్నారు. గది మొత్తం వింది. పాట అయ్యేసరికి మార్వాడీ ముసలాయన లేచి నిలబడి చప్పట్లు కొట్టాడు.

జనరేటరు అందుకుంది. సగం దీపాలు వెలిగాయి. జనపనార మళ్లీ మొదలైంది.

కాసేపటికి వాళ్ల సెట్టు అయిపోయి విరామం ఇచ్చారు. బేస్ గిటారతను సిగరెట్టుకి బయటికి పోతూ మా బల్ల పక్క నుంచి వెళ్లాడు. ఎర్రటి మనిషి, తెల్లబడుతున్న మీసం, పాతకాలపు కోటు. మేమిద్దరం బిల్లు ఎంతవుతుందో లెక్క వేసుకుంటున్నాం. అతను రెండడుగులు వెళ్లి వెనక్కి తిరిగాడు.

"బాబూ, మీరు కేజీపీ వోళ్లా?"

కేజీపీ అంటే మా ఖరగ్‌పూర్. రైల్వేవాళ్లకి ఊళ్లన్నీ పొడి అక్షరాలే. నేను నోరు తెరుచుకుని చూశాను. మా వీధిలో మాట్లాడే తెలుగే, ఆ యాసే, ఆ ఎర్రటి మొహంలోంచి. వాళ్ల నాన్న మెయిలు డ్రైవరట. చిన్నప్పుడు తనని పెంచినావిడ బొబ్బిలి మనిషట. "మా యమ్మకంటే ఆవిడి కాడే ఎక్కువున్నాను. అమ్మ కొడితే అప్పమ్మ కాడికి పరిగెట్టీవోణ్ణి." మాతాపూజకి ఇప్పటికీ మేకల్ని కోస్తున్నారా అని అడిగాడు. గోల్‌బజార్లో జీళ్లు అమ్మే మనిషి ఉన్నాడా అని అడిగాడు. అతని అన్నదమ్ములు పెర్త్‌లో ఉన్నారు. తను మాత్రం వెళ్లలేదు. ఎందుకని మావయ్య అడిగితే, "అక్కడ రాత్రి పూట ఎవరు వాయించమంటారు సార్? పగలు ఫ్యాక్టరీలో పనిస్తారంట" అన్నాడు.

మా కిటికీ అవతలి బంగళాల పాట అది, రేడియోగ్రాం పాట. ఆ పాటకి ఇంత మంది మనవాళ్లు కాపు కాశారని నేనెప్పుడూ అనుకోలేదు. అరవ అమ్మాయి, నేపాలీ పియానో, గోవా సాక్సోఫోన్, కేజీపీ బేస్ గిటారు. దొరలు ఎప్పుడో వెళ్లిపోయారు.

మావయ్య ఉషా అయ్యర్ గురించి అడిగాడు. అతను నవ్వాడు. "ఇప్పుడు పెద్ద మనిషి కదండీ. సినిమాల్లో పాడతంది." ఆవిడ పెళ్లాడిన ఉతుప్‌ని మొదట చూసింది కూడా ఈ ట్రింకాస్‌లోనే అని చెప్పాడు. ఆ వీధి ఎలా ఉండేదో, ఎలా అయిందో కూడా చెప్పాడు. నక్సలైట్ల గొడవల్లో జనం రాత్రి బయటికి రావడం మానేశారు. బ్యాండు పెడితే వినోదపు పన్ను, దాని భారానికి యజమానులు ఒక్కొక్కరే వేదికలు తీసేసి ఆ జాగాలో ఇంకో రెండు బల్లలు వేసుకున్నారు. వాయించేవాళ్లలో దారి దొరికినవాళ్లు బొంబాయి, మిగతావాళ్లు విదేశాలు. ఏడుపు లేకుండా చెప్పాడు, రైలు టైము చెప్పినట్టు. (ఇది 1985 మాట. 1994లో పక్కనే పార్క్ హోటల్లో సమ్‌ప్లేస్ ఎల్స్ అనే పబ్బు వచ్చి కొత్త పిల్లల బ్యాండ్లకి చోటిచ్చింది. ట్రింకాస్‌లో ఇప్పటికీ పాట ఉంది. నేను ఈమధ్య విన్నప్పుడు హిందీ పాటలు కూడా కలుపుతున్నారు, కలపనీ.)

వెళ్లబోతూ, "ఏం పాట కావాలి సార్? చీటీ రాసియ్యండి" అన్నాడు. అక్కడ పద్ధతి అది. కాగితం రుమాలు మీద పాట పేరు రాసి బేరర్ చేతికిస్తే వేదిక మీదకి చేరుతుంది. మావయ్య పెన్ను తీశాడు. తీసి ఊరుకున్నాడు. పదహారేళ్లుగా నోట్లో ఉన్న పాటకి పేరు తెలిస్తేగా.

కాసేపు అటూ ఇటూ చూసి, గొంతు సవరించుకుని, టెక్కలి మావయ్య ట్రింకాస్ మధ్యలో తననన తననన అని మొదలుపెట్టాడు. చెయ్యి బల్లమీద తాళం వేస్తోంది. అతను తల వంచి విన్నాడు. రెండో వరసలో మావయ్య ఆగిపోయాడు, ఎందుకంటే ఆయనకి తెలిసింది అంతే. తలుపు మూసేసింది అక్కడే.

"ఓ, అదా" అన్నాడతను. అని మూడో వరస తనే అన్నాడు.

విరామం అయ్యాక మొదట ఆ పాటే పాడారు. నల్లగౌను ఆవిడ మా బల్లవైపు చూసి తల ఊపింది. మావయ్య చేప ప్లేటు పక్కకి జరిపి, మోచేతులు బల్లమీద ఆనించి, మొదటి నుంచి చివరిదాకా విన్నాడు. ఆ పాటకి మాత్రం చప్పట్లు కొట్టలేదు. నేను కొట్టాను. పేరేమిటని అడుగుదామనుకుంటే అప్పటికే బిల్లు వచ్చింది. ఆ బిల్లు చూశాక ఇంకేమీ అడగడానికి లేకపోయింది.

గార్డెన్ రీచ్ క్వార్టర్లకి చేరేసరికి రాత్రి బాగా పొద్దుపోయింది. అత్తయ్య మేలుకునే ఉంది. అన్నం వడ్డించమంటారా అంది. హౌరా స్టేషన్లో పూరీలు తినేశాం, వీడి బండి లేటు అని మావయ్య ఒక్క గుక్కలో చెప్పేశాడు. ఆవిడ నా షర్టుమీద వెన్న మరక చూసింది, ఏమీ అనలేదు. పార్క్ స్ట్రీట్ హోటళ్లంటే ఆవిడ దృష్టిలో సారా దుకాణాలు. నేను గోడవైపు తిరిగి పడుకున్నాను.

పొద్దున్న మావయ్య కిటికీకి అద్దం తగిలించుకుని గడ్డం గీసుకుంటున్నాడు. నురగ మొహంతో అదే కూనిరాగం. కానీ ఈసారి రెండో వరస దగ్గర ఆగలేదు. మూడోది, నాలుగోది, చివర ఆవిడ గొంతు జార్చి పట్టుకున్న చోటు కూడా, తనకి చేతనైనట్టు. అత్తయ్య కాఫీ గ్లాసులు పట్టుకుని గుమ్మంలో నిలబడి మొత్తం వింది. విని, నా గ్లాసు నాకిచ్చి, అటు తిరిగి అడిగింది.

"ఏటండీ, ఆ పూరీలోడు పాటలు కూడా పాడేడా?"